ప్రపంచంలో గొప్ప పిస్టల్ ఏది: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ గడియారం సెంటర్‌లో టీ దగ్గర నలుగురం కూడితే రాజకీయాల తర్వాత మా బ్యాచ్‌లో ఎక్కువ లొల్లి అయ్యేది ఈ ముచ్చట మీదనే. ఎస్ఐ ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యేవాళ్లు, ఆర్మీలో చేసి వచ్చిన ఒక మామ, సినిమాలు చూసి వాదించే పిలగాళ్లు, అందరూ ఉంటారు. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, చెప్పి చెప్పి నోరు నొస్తుంది, అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నా. మాట్లాడేది డిజైన్ గురించే. కొనుడు సంగతి అడగాలనుకునేవాళ్లు కింద లైసెన్స్ ప్రశ్న చూసుకోండి.

గొప్ప డిజైన్ అని దేన్ని బట్టి అంటున్నవ్ అన్నా?

తర్వాత వచ్చినవాళ్లు దేన్ని కాపీ కొట్టారు, అదే నా కొలత. ఎన్ని లక్షలు అమ్ముడుపోయాయి, ఏ యుద్ధంలో వాడారు, చేతిలో ఎంత అందంగా ఉంటుంది, ఇవన్నీ వాదించుకోవడానికి బాగుంటాయి. కానీ అమ్మకాలు ధర మీద, సర్కారు ఆర్డర్ల మీద నడుస్తాయి, అందం ఎవరి కంటికి వాళ్లది. పోటీ కంపెనీ ఇంజనీరు పేటెంట్ గడువు ఎప్పుడు అయిపోతుందా అని కాచుకొని కూర్చొని మరీ ఎత్తుకున్నాడంటే మాత్రం అందులో విషయం ఉన్నట్టే. ఈ కొలత మీకు నచ్చకపోతే కింద రాసింది కూడా నచ్చదు, ముందే చెప్తున్నా.

సరే, నీ లెక్కలో ఫస్ట్ ఏది?

కోల్ట్ ఎం1911. ఇందులో నాకు డౌట్ లేదు.

దీని వెనుక ఒక గొడవ ఉంది. ఫిలిప్పీన్స్‌లో మోరో తెగలవాళ్లతో పోరాడేటప్పుడు అమెరికా సైనికుల .38 రివాల్వర్ తూటాలు (ఈ అంకె తూటా వెడల్పు, సుమారుగా అంగుళాల్లో) తగిలినా మనిషి ఆగకుండా మీదికి వచ్చేవాడట. దాంతో మాకు .45 కంటే చిన్నది వద్దు అని ఆర్మీ పట్టుబట్టింది. పోటీకి చాలా కంపెనీలు వచ్చాయి, చివరికి కోల్ట్, సావేజ్ మిగిలాయి. కోల్ట్ తరఫున డిజైన్ చేసింది జాన్ మోజెస్ బ్రౌనింగ్. ఒక్క పిస్టల్‌తో 6000 తూటాలు కాల్చారు, బాగా వేడెక్కితే నీళ్లల్లో ముంచి తీసి మళ్లీ కాల్చారు. కోల్ట్ ఒక్కసారి కూడా మొరాయించలేదు, సావేజ్ 37 సార్లు ఆగింది. 1911 మార్చి 29న ఆర్మీ దాన్ని తీసుకుంది, 1985లో ఇటలీ కంపెనీ బెరెటా పిస్టల్ వచ్చేదాకా అదే అధికారిక పిస్టల్. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా, వియత్నాం అన్నీ దాని మీదనే నడిచినయ్.

అయినా నేను ఫస్ట్ పెట్టింది యుద్ధాల కోసం కాదు. దాంట్లో బ్యారెల్, అంటే బుల్లెట్ బయటికి పోయే గొట్టం, లాక్ అయ్యే పద్ధతి కోసం. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే పెద్ద తూటా పిస్టళ్లలో ఎక్కువ శాతం ఆ పద్ధతి మీదనే పనిచేస్తాయి, కంపెనీ ఏదైనా సరే.

ఆ లాక్ సంగతి సాదాగా చెప్పు, మాకు ఇంజనీరింగ్ రాదు.

తూటా పేలినప్పుడు లోపల గ్యాస్ ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. ఆ ఒత్తిడి బుల్లెట్‌ని ముందుకు ఎంత నెడుతుందో, వెనుక ఖాళీ తూటా డబ్బీని, దాని వెనుక ఉన్న స్లైడ్‌ని (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు భాగం) కూడా అంతే నెడుతుంది. బుల్లెట్ ఇంకా బ్యారెల్ లోపల ఉండగానే వెనుక తెరుచుకుందనుకోండి, డబ్బీ పగిలి ఆ గ్యాస్ అంతా చేతి మీదికే వస్తుంది. .32 లాంటి చిన్న తూటాకి స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలం సరిపోతాయి. 9 ఎంఎంకి, .45కి సరిపోవు. కొంచెంసేపు బ్యారెల్‌నీ స్లైడ్‌నీ కలిపి పట్టి ఉంచాలి.

ఏటా అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల దినం వస్తుంది కదా, ఆ టైంలో జిల్లా పోలీసు హెడ్ క్వార్టర్స్‌లో పిల్లల కోసం ఓపెన్ హౌస్ పెట్టి ఆయుధాలు చూపిస్తారు. అక్కడ ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్‌ని కొంచెం మర్యాదగా అడిగితే 9 ఎంఎం పిస్టల్ విప్పి చూపిస్తాడు. ముందు పిడిలో తూటాలుండే మ్యాగజైన్ తీస్తాడు, లోపల తూటా లేదని స్లైడ్ లాగి చూస్తాడు, తర్వాత పక్కనున్న పిన్ను ఒత్తి లాగితే స్లైడ్ ముందుకు జారి మొత్తం చేతిలోకి వస్తుంది. దాంట్లోంచి బ్యారెల్ బయటికి తీశాక మీద చూడండి, అడ్డంగా రెండు గట్లు ఉంటాయి. స్లైడ్ లోపల పైకప్పులో వాటికి సరిపోయే గాడులుంటాయి. గట్లు గాడుల్లో కూర్చుంటే తలుపుకి గొళ్లెం పడ్డట్టే. పేలగానే రెండూ కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయి, ఈలోపు బుల్లెట్ బయటికి పోతుంది, ఒత్తిడి దిగుతుంది. అప్పుడు బ్యారెల్ వెనుక భాగం కిందికి వంగుతుంది, గట్లు గాడుల్లోంచి జారుతాయి, స్లైడ్ ఒక్కటే వెనక్కి పోయి ఖాళీ డబ్బీని బయటపడేసి కొత్త తూటా ఎత్తుకొని వస్తుంది. ఇదంతా రెప్పపాటులో. 1911లో బ్యారెల్‌ని కిందికి లాగేది ఒక చిన్న లింకు ముక్క, మన 9 ఎంఎంలో లింకు తీసేసి బ్యారెల్ కిందనే వంపు గాడి చెక్కారు. అరిగేది, విరిగేది ఒకటి తగ్గింది.

అయితే మన పోలీసుల దగ్గరుండే 9 ఎంఎం కూడా బ్రౌనింగ్‌దేనా?

అవును, సగం. దాని పూర్తి పేరు పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ, చేసేది పశ్చిమ బెంగాల్‌లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. అసలు డిజైన్ బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ వాళ్ల హై పవర్. బ్రౌనింగ్ ఆ పని మీద ఉండగానే 1926లో బెల్జియంలోనే లియేజ్‌లో చనిపోయాడు. అక్కడి ఇంజనీరు ద్యుదొనే సేవ్ దాన్ని పూర్తి చేస్తే 1935లో బయటికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ అదే పిస్టల్‌ని చేసింది, మన ఇషాపూర్‌ది ఆ కెనడా నమూనా.

మ్యాగజైన్‌లో తూటాలు రెండు వరసలుగా పేర్చి 13 పట్టేట్టు చేయడం సేవ్ గొప్పతనం. 1911లో 7 పడతాయి. పిడికిలి మాత్రం పెద్దగా లావెక్కలేదు, చిన్న చేతివాళ్లకు కూడా పట్టు దొరుకుతుంది. నా లెక్కలో ఇది మూడోది.

లోపాలు లేవా అంటే ఉన్నయ్. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా లోపల ఒక ముక్క పెట్టారు, సేఫ్టీ కోసమని, దాంతో ట్రిగ్గర్ నొక్కుడు బరువుగా, గరుకుగా తయారైంది. ఇంకోటి, చెయ్యి కొంచెం కండగా ఉన్నవాళ్లకి హ్యామర్ (తూటాని పేల్చడానికి వెనుక నుంచి కొట్టే సుత్తి ముక్క) వెనక్కి వచ్చినప్పుడు బొటనవేలి పక్కన చర్మాన్ని కొరుకుతుంది. ఎక్కువ ప్రాక్టీస్ చేసినవాళ్ల చెయ్యి చూడండి, తెలుస్తుంది.

మరి రెండోది?

గ్లాక్ 17. ఇక్కడే మా మామ లేచి వెళ్లిపోతాడు, ప్లాస్టిక్ డబ్బా అని తిట్టుకుంటూ.

గాస్టన్ గ్లాక్ ఆస్ట్రియాలో కర్టెన్ రాడ్లు, ఆర్మీకి కత్తులు చేసేవాడు. అంతకుముందు ఒక్క పిస్టల్ కూడా చేయలేదు. సైన్యానికి కొత్త పిస్టల్ కావాలని తెలిసి, వాడేవాళ్లని, తెలిసినవాళ్లని కూర్చోబెట్టి మీకేం కావాలి అని అడిగి, కొత్తగా మొదలుపెట్టాడు. పాత పిస్టల్ బాగుచేద్దాం అనుకునేవాడికి పాత అలవాట్లు అడ్డం పడతాయి, ఈయనకు ఆ బాధ లేదు. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది, మొదటి ఆర్డరే 25,000. అది ఆయన 17వ పేటెంట్, అందుకే ఆ నంబర్. మ్యాగజైన్‌లో తూటాలు కూడా 17 పట్టడం యాదృచ్ఛికం.

ప్లాస్టిక్ ఫ్రేమ్ ఆయన కనిపెట్టింది కాదు, 1970లోనే జర్మనీ హెక్లర్ అండ్ కోఖ్ వీపీ70లో పెట్టింది. లాక్ పద్ధతి బ్రౌనింగ్‌దే, గట్ల బదులు బ్యారెల్ వెనుక చదరపు భాగమే స్లైడ్ మీది కిటికీలో కూర్చుంటుంది, అంతే తేడా. మరి గొప్పేంది? బయట తిప్పే సేఫ్టీ మీట లేదు, హ్యామర్ లేదు, మొదటి తూటాకైనా చివరి తూటాకైనా ట్రిగ్గర్ ఒకేలా నొక్కాలి. టెన్షన్‌లో ఉన్న మనిషి సేఫ్టీ తీశానా లేదా అని ఆలోచించే పని లేదు. మూడు సేఫ్టీలు ఉంటాయి, ఒకటి ట్రిగ్గర్ మీదనే, రెండు లోపల, ట్రిగ్గర్ నొక్కుతుంటే వాటంతటవే విడుతాయి. దానర్థం వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు అన్న క్రమశిక్షణ వందశాతం మనిషి మీద పడుతుంది, అది దీని బలహీనత. ఇక విడి భాగాలు దాదాపు 34, ట్రైనింగ్ తొందరగా అయిపోతుంది.

కాపీ లెక్క చూస్తారా? 1994లో స్మిత్ అండ్ వెసన్ సిగ్మా అని ఒకటి తెస్తే గ్లాక్ నేరుగా కోర్టుకు పోయింది, 1997లో రాజీ అయ్యారు. ఆ తర్వాత వచ్చిన పోలీసు పిస్టళ్లు చూడండి, ఎక్కువ భాగం ప్లాస్టిక్ ఫ్రేమ్, హ్యామర్ లేదు. మన ఎన్‌ఎస్‌జీ కమాండోలు కూడా గ్లాక్ 17 వాడతారు.

గ్లాక్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేలో కనపడదట కదా?

ఉత్త మాట. స్లైడ్, బ్యారెల్, స్ప్రింగులు ఉక్కే, బరువులో ఎక్కువ భాగం అదే. శుభ్రంగా కనపడుతుంది.

లూగర్‌ని ఎందుకు కిందికి తోసినవ్? అంత అందమైనది ఇంకోటి లేదు.

అందంలో పోటీ పెడితే నా ఓటు కూడా దానికే. ఆ వంపు, ఆ సన్నని బ్యారెల్, మీద మోకాలు మడిచినట్టు పైకి లేచే టాగిల్, మనిషి చూస్తూ ఉండిపోతాడు. జార్జ్ లూగర్ దాన్ని బోర్కార్డ్ అనే ఆయన పిస్టల్‌ని బాగుచేసి తయారుచేశాడు, జర్మనీ నౌకాదళం 1904లో, సైన్యం 1908లో తీసుకున్నాయి. పట్టు వంపు కూడా గొప్పగా ఉంటుంది, చెయ్యి చాపితే గురి దానంతట అదే కుదురుతుంది.

కానీ ఆ టాగిల్‌ని పెద్ద సైన్యాల పిస్టళ్లలో ఎవరు ఎత్తుకున్నారో చెప్పండి. దుమ్ము పడితే కష్టం, తూటా బలం కొంచెం అటూఇటూ అయినా కష్టం, ఒక్కో భాగాన్ని చేత్తో అరగదీసి కూర్చాలి, ఖర్చు ఎక్కువ. జర్మన్లే 1938లో వాల్థర్ పీ38కి మారిపోయారు. ఆ పీ38 లాక్‌ని మాత్రం బెరెటా 92 తీసుకుంది, 1985లో అమెరికా 1911ని పక్కన పెట్టి తీసుకున్నది ఆ బెరెటానే. లూగర్ మనకు నిజంగా ఇచ్చిపోయింది 1902లో దాని కోసం చేసిన తూటా, 9 ఎంఎం పారాబెల్లం. ఇవాళ మన కానిస్టేబుల్ నడుముకున్న పిస్టల్‌లో ఉన్నది అదే. తూటాల జాబితా వేరే పెడితే లూగర్ ఫస్ట్.

రివాల్వర్ల ముచ్చటే లేదేంది?

ఉంది. మన దగ్గర చేతి తుపాకీ ఏదైనా రివాల్వరే అంటారు, అందుకే ముందు తేడా చెప్తా: తిరిగే సిలిండర్ ఉంటే రివాల్వర్, పిడిలో మ్యాగజైన్ ఉండి స్లైడ్ వెనక్కి కొడితే పిస్టల్.

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికా పేటెంట్ తీసుకున్నాడు, సిలిండర్ తిప్పి కాల్చే తుపాకీని మామూలు వాడకంలోకి తెచ్చింది ఆయనే. కానీ మందు, బుల్లెట్ విడివిడిగా ముందు నుంచి కూరాలి. రోలిన్ వైట్ అనే ఆయన సిలిండర్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తొలిచి వెనుక నుంచి తూటా పెట్టే పద్ధతికి 1855లో పేటెంట్ తీసుకున్నాడు. స్మిత్ అండ్ వెసన్ ఆ హక్కు పట్టుకొని, ఒక్కో రివాల్వర్‌కి 25 సెంట్లు ఆయనకిచ్చి, మిగతా కంపెనీలని కూర్చోబెట్టింది. 1869లో గడువు అయ్యేదాకా కోల్ట్ చేతులు కట్టుకొని ఉండాల్సి వచ్చింది. కౌబాయ్ బొమ్మల్లో చూసే కోల్ట్ రివాల్వర్, సింగిల్ యాక్షన్ ఆర్మీ, వచ్చింది 1873లో. పైన చెప్పిన కాచుకొని కూర్చునుడు ఇదే.

నా జాబితాలో నాలుగోది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10. 1899లో మొదలైంది, 60 లక్షలకు పైగా చేశారు, సిలిండర్ ఎడమ పక్కకి తెరుచుకుంటుంది, ప్రపంచంలో సగం పోలీసులు అట్లాంటిదే మోశారు.

మన దేశానికి దగ్గరి చుట్టం మాత్రం బ్రిటిష్ వెబ్లీ. మీద గడి విప్పి బ్యారెల్‌ని కిందికి వంచితే ఆరు ఖాళీ డబ్బీలూ ఒకేసారి ఎగిరి బయటపడతాయి. కాన్పూర్‌లో చేసే .32 రివాల్వర్లు, 2014లో వచ్చిన అర కిలో బరువున్న నిర్భీక్ కూడా ఇట్లా వంగేవే. 2023లో వచ్చిన ప్రబల్ నుంచి సిలిండర్ పక్కకి తెరిచే పద్ధతికి మారారు. మోడల్ 10 దారికి అంత ఆలస్యంగా వచ్చారన్నమాట.

భగత్ సింగ్, ఆజాద్ దగ్గర ఏ పిస్టళ్లు ఉండేవి?

ఇద్దరివీ .32 కోల్ట్ ఆటోమేటిక్‌లే, అవి కూడా బ్రౌనింగ్ డిజైన్లే. ఆజాద్ తన పిస్టల్‌ని బమ్‌తుల్ బుఖారా అని పిలుచుకునేవాడు. 1931 ఫిబ్రవరి 27న అల్‌ఫ్రెడ్ పార్కులో చివరిదాకా కాల్చింది దాంతోనే, ఇప్పుడు అలహాబాద్ మ్యూజియంలో ఉంది. హ్యామర్ బయటికి కనపడకుండా స్లైడ్ లోపల దాచేశారు, జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తట్టుకోదు. రహస్యంగా తిరిగేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి.

ఇంకో కథ మాసర్ సీ96ది. చీపురు కట్ట పిడి, మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి ముందు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో తుపాకులు అమ్మే రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మాసర్లు, 46,000 తూటాలు విప్లవకారులు మాయం చేశారు. తర్వాతి కాలంలో బెంగాల్‌లో జరిగిన చాలా సంఘటనల్లో అవే కనపడ్డాయి. ధైర్యానికి దండం. డిజైన్‌గా మాత్రం పైన బరువు ఎక్కువ, దాని దారిలో పెద్దగా ఎవరూ నడవలేదు.

గాంధీజీని చంపింది బెరెటా 1934 మోడల్. దాన్ని ర్యాంకులు వేసే ముచ్చటలోకి తేవడం నాకిష్టం లేదు, అడిగారు కాబట్టి రాశా.

మన నల్లగొండ సాయుధ పోరాటంలో పిస్టళ్లు వాడారా?

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయినప్పుడు జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోదే. తర్వాత దళాలు వచ్చాక బర్మార్లు, లాక్కున్న రైఫిళ్లు. బర్మార్ అంటే ముందు నుంచి మందు కూరి, రవ్వలు పోసి, గుడ్డ కుక్కి కాల్చేది, ఒక దెబ్బ అయ్యాక మళ్లీ నింపేదాకా దేవుడే దిక్కు. పిస్టల్, రివాల్వర్ ఆ కాలంలో ఆఫీసరు నడుముకి ఉండే వస్తువు, ఊరి మనిషి చేతికి అందేది కాదు.

సీజెడ్ 75 గురించి ఒక్క ముక్క?

ఐదోది అదే. చెకొస్లొవాకియాలో కౌస్కీ అన్నదమ్ములు చేశారు. వాళ్ల సైన్యం వాడే తూటా వేరు, ఇది 9 ఎంఎం, బయటి దేశాలకు అమ్మడానికి చేసింది. పేటెంట్లని రహస్యం పేరుతో దేశం లోపలే దాచిపెట్టారు, బయట రిజిస్టర్ కాలేదు, ఇంకేముంది, ఇటలీ, స్విట్జర్లాండ్, టర్కీ ఎవరికి వాళ్లు చేసుకున్నారు. స్లైడ్ ఫ్రేమ్ లోపలి గాడిలో నడుస్తుంది కాబట్టి చేతికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉంటుంది, కాల్చినప్పుడు ఎగురుడు తక్కువ.

డెజర్ట్ ఈగిల్?

సినిమా తుపాకీ. దాదాపు రెండు కిలోలు. గ్యాస్‌తో నడిచే రైఫిల్ పద్ధతిని పిస్టల్‌లో ఇరికించడం తెలివైన పనే, కాదనను, కానీ నడుముకి కట్టుకొని నల్లగొండ ఎండలో డ్యూటీ చేసి చూడండి.

వీటిల్లో ఒకటి నేను కొనుక్కోవచ్చా?

పైన చెప్పిన పెద్దవాటిల్లో దాదాపు ఏదీ కాదు. 9 ఎంఎం, .38, .45, .455 మామూలు పౌరులకు నిషేధిత బోర్ (తూటా సైజు) కింద వస్తాయి. లైసెన్స్ ఉన్నవాళ్లకి దొరికేది .32, .22 లాంటివి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, మన దగ్గర కలెక్టర్‌కి, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌కి దరఖాస్తు పెట్టాలి, పోలీసు ఎంక్వైరీ ఉంటుంది, ఎందుకు కావాలో గట్టి కారణం చూపాలి. ఊర్లో ఇజ్జత్ కోసం అంటే ఇవ్వరు. 2019 సవరణ తర్వాత ఒక్కరికి రెండుకు మించి ఉండొద్దు. ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే మామూలుగా తీసుకుపోయి స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి, మన రాష్ట్రంలో ఏదో ఒక ఎలక్షన్ ఎప్పుడూ ఉండనే ఉంటుంది.

నాటు తపంచా?

దాని గురించి నన్ను అడగకండి. జైలు ఖాయం, అంతకుముందే చెయ్యి పోవచ్చు.

కాల్చడం నేర్చుకోవాలని ఉంది, లైసెన్స్ లేకుండా ఎట్లా?

స్పోర్ట్స్ షూటింగ్ వైపు పోండి. గచ్చిబౌలిలో షూటింగ్ రేంజ్ ఉంది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ గోల్డ్ తెచ్చింది. ఆ పిస్టళ్లు .22వి, చేతి అచ్చు ప్రకారం చెక్కిన పిడి ఉంటుంది, పైన వాదించుకున్న వాటితో పోలికే లేదు. మొదలుపెట్టేవాళ్లు ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెడతారు.

సినిమాల్లో రివాల్వర్‌కి సైలెన్సర్ పెడతారు, నిజంగా పనిచేస్తుందా?

మామూలు రివాల్వర్‌కి పెట్టినా పెద్దగా లాభం లేదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది, గ్యాస్, చప్పుడు అక్కడి నుంచే బయటికి కొడతాయి. ముందర ఎంత పెద్ద డబ్బా తగిలించినా ఆ సందు సందే. దీనికి తప్పించుకున్నది రష్యావాళ్ల 1895 నాగాంత్. హ్యామర్ లాగితే సిలిండర్ మొత్తం ముందుకు జరిగి బ్యారెల్‌కి అతుక్కుంటుంది, తూటా డబ్బీ కూడా బుల్లెట్ కంటే పొడుగ్గా ఉండి సందుని మూసేస్తుంది. ఏడు తూటాలు పడతాయి. అంత తెలివి చేసినా నా జాబితాలో లేదు, ఎందుకంటే ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్‌ని కూడా నెట్టాలి కాబట్టి వేలు నొప్పెడుతుంది, ఖాళీ డబ్బీలు ఒక్కొక్కటే పుల్లతో పొడిచి తీయాలి, అందుకే దాన్ని కాపీ కొట్టే ఓపిక పెద్దగా ఎవరికీ లేకపోయింది.